తెలుగువారి పెళ్లిచీర: ఎంపిక, వినియోగం, అనంతర జీవితం

వ్యాససంగ్రహం

పెళ్లిచీర చరిత్రలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. చీరను ఎవరు, ఏ ప్రమాణంతో ఎంచారన్నది మొదటిది. పెళ్లి తరువాత అది ఎవరి అధీనంలో ఉండి, ఏ రూపం పొందిందన్నది రెండవది. వైదిక వివాహవిధిలోని వధూవస్త్ర ప్రసక్తి, మధుపర్కం అనే పదం పొందిన అర్థపరిణామం, పట్టుచీర ప్రాబల్యం, తెలుగు క్రైస్తవ వధువుల తెల్లచీర, స్త్రీధన న్యాయం అనే అంశాల ఆధారంగా ఈ రెండు ప్రశ్నలకు గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బట్ట స్వభావంలోనే దాని అనంతర వినియోగం ఇమిడి ఉన్న దశ నుంచి, ఒక్కరోజు కంటికి నప్పడమే ప్రధానమైన దశకు పెళ్లిచీర ఎలా చేరిందో వివరిస్తుంది.

కీలకపదాలు: వధూవస్త్రం, మధుపర్కం, పసుపుబట్టలు, పట్టుచీర, జరీ, నప్పడం, స్త్రీధనం

1. ఉపోద్ఘాతం

తెలుగునేల మీది వస్త్రచరిత్రను గురించి జరిగిన పరిశోధనలో నేత, అద్దకం, ఎగుమతి వ్యాపారం అనే మూడు అంశాలకు ప్రాధాన్యం లభించింది. పాల్కురికి సోమనాథుని రచనల్లోని వస్త్రనామాల పట్టికలు, మచిలీపట్నం అద్దకాలు, తీరప్రాంతపు రేవుల వ్యాపారం ఇందుకు ఆకరాలయ్యాయి. సాహిత్య విమర్శలో వధువు అలంకార వర్ణనలు చర్చకు వచ్చాయి. ఈ రెండింటి నడుమ ఇంటి చీరలపెట్టె మిగిలిపోయింది. మగ్గం మీది నుంచి దిగిన బట్ట పెళ్లిపీటల మీదికి ఎలా వచ్చిందో, పీటల మీది నుంచి లేచాక ఏమైందో తెలిస్తేగాని ఆ బట్ట చరిత్ర పూర్తికాదు.

పెళ్లిచీర సాధారణ వస్త్రం వంటిది కాదు. అది క్రతువులో భాగం, రెండు కుటుంబాల మధ్య మర్యాద, స్త్రీకి దక్కే సొత్తు, ఆమె ఒంటిని పదిమందికి చూపే అలంకారం. ఈ నాలుగు ధర్మాల్లో ఏ కాలంలో ఏది పైచేయి అయిందన్న దాన్ని బట్టి చీర ఎంపిక మారింది. ఎంపికను బట్టి పెళ్లి తరువాత దాని గతి కూడా మారింది.

2. వధూవస్త్రం: వైదిక విధి

పెళ్లిబట్టను పెళ్లి తరువాత ఏం చేయాలన్న ప్రశ్న చాలా పాతది. ఋగ్వేదం పదవ మండలంలోని 85వ సూక్తం సూర్య అనే వధువు వివాహాన్ని వర్ణిస్తుంది. ఆమె ధరించిన మంగళవస్త్రాన్ని ప్రశంసించిన ఆ సూక్తమే వివాహానంతరం అదే వస్త్రాన్ని భయంతో చూస్తుంది. వధువు బట్టను భర్త తన ఒంటిమీద కప్పుకొంటే అతని శరీరం శోభ కోల్పోతుందని చెబుతుంది. ఆ వస్త్రాన్ని బ్రాహ్మణులకు ఇచ్చివేయాలని విధిస్తుంది. సూర్యా సూక్తం తెలిసినవాడే ఆ 'వాధూయ' వస్త్రానికి అర్హుడని పేర్కొంటుంది. ఆశ్వలాయన గృహ్యసూత్రం కూడా నియమిత వ్రతం ముగిశాక వధూవస్త్రాన్ని సూర్యా సూక్తం ఎరిగినవానికి ఇవ్వాలని చెప్పింది. అథర్వవేదం పదునాలుగవ కాండలోని వివాహమంత్రాల్లో సైతం ఈ ప్రస్తావన కనిపిస్తుంది.

ఈ విధిలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, వధువు శరీరాన్ని, ముఖ్యంగా తొలి సమాగమాన్ని ఆవరించి ఉన్న అశుచి భావన. సూక్తంలోని నీలలోహిత వర్ణ ప్రసక్తిని వ్యాఖ్యాతలు ఈ భావనతోనే అన్వయించారు. రెండవది, వస్త్రం మీద వధువుకు అధికారం లేకపోవడం. ఆమె కట్టిన బట్ట ఆమె ఇంట నిలవదు. దానిలోని దోషాన్ని తొలగించగల జ్ఞానం ఉన్నవానికి అది చెందుతుంది. తెలుగు ఇళ్లలో స్థిరపడిన ఆచారం ఇందుకు భిన్నమైనది. పెళ్లిచీర ఇక్కడ ఇల్లాలి పెట్టెలోనే నిలిచింది. శాస్త్రానికీ ఆచారానికీ గల ఈ దూరం పెళ్లిచీర చరిత్రలో కీలకమైన మలుపు.

3. మధుపర్కం: పదం, బట్ట

మధుపర్కం అనే పదానికి మూలార్థం తేనె కలిపిన పానీయం. పెరుగు, తేనె, నెయ్యి వంటివి కలిపి పూజ్యుడైన అతిథికి ఇవ్వడం గృహ్యసూత్రాల్లో చెప్పిన మర్యాద. వివాహంలో వరుడు అటువంటి అతిథి. తెలుగులో ఈ మాట పానీయం నుంచి బట్టకు మారింది. ఆ మర్యాద జరిగే సమయంలో ఇచ్చే నూతన వస్త్రాలకు మధుపర్కాలనే పేరు స్థిరపడింది. నేటి వాడుకలో 'మధుపర్కాలు' అంటే ఎర్రంచు తెల్లబట్టల జతే తప్ప తేనె, పెరుగు ఎవరికీ స్ఫురించవు. సాహచర్యం వల్ల ఏర్పడిన అర్థపరిణామానికి ఇది చక్కని ఉదాహరణ.

ఈ బట్ట స్వభావం పరిశీలించదగినది. అది సాధారణంగా నూలుబట్ట, రంగు తెలుపు, అంచు ఎరుపు. దానికి పసుపు పూస్తారు లేదా బట్టనంతా పసుపునీటిలో ముంచుతారు. అనేక కులాల్లో వధూవరులు కట్టే పసుపుబట్టలు కూడా ఈ కోవకు చెందినవే. పసుపు నిలకడలేని రంగు. ఎండ తగిలితే వెలుస్తుంది, ఉతికితే పలచబడుతుంది. ఒకనాడు తెలుగుతీరంలో చిరివేరుతో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలిచేది. నిలిచే రంగు తెలిసిన నేలమీదనే పెళ్లిబట్టకు నిలవని రంగును ఎంచుకోవడం గమనించదగిన విషయం. క్రతువుకు సంబంధించిన గుర్తు కొన్నాళ్లకు తనంతట తానే తొలగిపోతుంది. వైదిక విధిలో వస్త్రాన్ని దానమిచ్చి సాధించిన విమోచనం ఇక్కడ ఎండవల్ల, చాకిరేవువల్ల జరుగుతుంది. మిగిలిన తెల్లని నూలుబట్ట ఇంటి వాడుకలోకి వస్తుంది.

మధుపర్కం విషయంలో వధువుకు నప్పడం అన్న ప్రశ్నే లేదు. ధనవంతుల ఇంటి పిల్లకైనా పేదింటి పిల్లకైనా, ఏ ఛాయ గల పిల్లకైనా ఆ బట్ట ఒక్కటే. వధూవరులిద్దరికీ కూడా ఒక్కటే. నేతలో నాణ్యత మారవచ్చునేగాని గుర్తు మారదు.

4. చీరల వరుస

మధుపర్కంతో పాటు పెళ్లిలో మరికొన్ని చీరలు ఉంటాయి. ప్రధానం చీర, మేనమామ చీర, తలంబ్రాల చీర, అప్పగింతల చీర అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ప్రాంతాన్ని, కులాన్ని బట్టి పేర్లూ వరుసా మారుతాయి. ఈ పేర్లన్నీ చీర రంగునో నేతనో చెప్పవు. పెట్టిన బంధువునో, పెట్టిన సందర్భాన్నో చెబుతాయి. మేనమామ చీరలో పుట్టింటి పక్షం, అత్తవారు పెట్టే చీరలో మెట్టినింటి పక్షం వధువు ఒంటిమీదికి చేరతాయి. పీటల మీద చీర మార్చుకోవడం ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారడానికి దృశ్యరూపం.

అందువల్ల పాత పద్ధతిలో చీర ఎంపిక పెద్దల పని అయింది. అత్తవారు పెట్టే చీరను వధువు పీటల మీదకు వచ్చేవరకు చూడకపోవడం కూడా వింత కాదు. ఎంపికలో పెద్దలు చూసుకున్నవి ఇంటి ఆనవాయితీ, ఇచ్చిపుచ్చుకోవడంలోని హెచ్చుతగ్గులు, నలుపు వంటి వర్జ్యవర్ణాలు, బట్ట మన్నిక. నాలుగు చెంగులకూ పసుపు పెట్టిన తరువాతే కొత్తచీర ఒంటికి తగిలేది. చీర పిల్లకు అందంగా ఉండాలన్న కోరిక లేదని కాదు. ఆ కోరిక చివరి మాట కాదని మాత్రమే.

5. నప్పడం అనే ప్రమాణం

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి కొన్ని మార్పులు ఒకదానివెంట ఒకటి వచ్చాయి. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ కృత్రిమమైన ఊదారంగును కనుగొన్నాడు. 1897 నాటికి కృత్రిమ నీలి విపణిలోకి వచ్చింది. చిరివేరు, నీలిమందుల మీద ఆధారపడిన అద్దకానికి ఇది దెబ్బ. కొనేవారికి మాత్రం రంగుల సంఖ్య పెరిగింది. పెద్దచీరల స్థానంలో ఆరు గజాల చీర, లోపల పరికిణీ, పైన రవిక క్రమంగా విద్యావంతుల కుటుంబాల్లో వ్యాపించాయి. కుచ్చిళ్లు ముందుకు, పైట ఎడమభుజం మీదుగా వెనక్కు వచ్చే కట్టులో పైటచెంగు ప్రదర్శనస్థలమైంది. 1894లో నెలకొన్న రవివర్మ ముద్రణాలయం నుంచి వచ్చిన దేవతల పటాలు జరీచీర కట్టిన లక్ష్మిని, సరస్వతిని ఇంటింటి గోడకూ చేర్చాయి. ఆ తరువాత ఫోటో స్టూడియో వచ్చింది. నలుపు తెలుపుల ఫోటోలో చీర రంగు తెలియదు. అంచుకూ నడిమి భాగానికీ గల తేడాయే కనిపిస్తుంది. పెద్దంచు, నిండు జరీ ఉన్న చీర ఫోటోలో పలుకుతుంది.

కంచి పట్టుచీర ఈ ప్రమాణానికి సరిగ్గా సరిపోయింది. ఒక రంగు అంచును, వేరొక రంగు నడిమి భాగాన్ని విడివిడి నాడెలతో నేస్తూ పేకలను కలిపే పద్ధతి వల్ల రెండు రంగులూ ఒకదానిలోకి ఒకటి చొరవు. ధర్మవరం నేతలో పడుగు ఒక రంగు, పేక మరొక రంగు కావడం వల్ల చీర కదిలినప్పుడల్లా రెండు ఛాయలు కనిపిస్తాయి. గద్వాల చీరలో నడుమ నూలు, అంచూ పైటా పట్టు. వేసవి ముహూర్తాలకు అనువైన తేలికదనం, పట్టు తళుకు రెండూ దానిలో ఉన్నాయి. అరిటాకు పచ్చ, మామిడిపండు రంగు, వంకాయ రంగు, నెమలికంఠం, ఉల్లిపొర రంగు అనే పేర్లు తెలుగు ఇంటి పెరడు నుంచి చీరల కొట్టుకు వెళ్లినవి.

నప్పడం అనే మాట ఇక్కడ ప్రధానమైంది. ఎత్తుకు తగిన అంచు, ఒంటికి తగిన బరువు, ఛాయకు తగిన రంగు చూసుకోవడం సౌందర్యస్పృహే. పొట్టిగా ఉన్న పిల్లకు వెడల్పు అంచు ఎత్తును మరింత తగ్గించి చూపుతుందనీ, గట్టిపట్టు కుచ్చిళ్ల దగ్గర ఉబ్బుతుందనీ, పలచని పట్టు ఒంటికి అంటి పడుతుందనీ కొట్టులో చీర విప్పి భుజాన వేసి చూసే స్త్రీలకు తెలుసు. ఈ జ్ఞానం వధువుకు మొదటిసారిగా ఎంపికలో మాట కల్పించింది. అయితే దీనికి మరొక ముఖం ఉంది. పెళ్లిచూపుల్లో పిల్ల ఛాయను తూచిన కన్నే చీరల కొట్టులోనూ తూచింది. ఫలానా రంగు నల్లపిల్లకు నప్పదన్న తీర్పు చీర గురించి చెప్పినట్లు ఉన్నా నిజానికి పిల్ల గురించి చెప్పినది. పసుపుబట్ట ఏనాడూ వేయని ప్రశ్నను పట్టుచీర వేసింది.

6. తెల్లచీర

ఛాయ ప్రశ్నకు దూరంగా, తెలుపు అర్థం చుట్టూ మరొక చరిత్ర ఉంది. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్లని శాటిన్ దుస్తులతో వివాహమాడింది. అంతకుముందు కూడా తెల్లదుస్తుల వధువులు ఉన్నారు. కానీ ఐరోపాలోని సామాన్య స్త్రీలు తమ దగ్గరి మేలైన రంగు దుస్తులతో పెళ్లాడి, తరువాత వాటినే ఆదివారాలకు తొడుక్కొనేవారు. మాపు త్వరగా కనిపించే తెలుపును ఎంచుకోవడం ఒక్కరోజు దుస్తులకు ఖర్చుపెట్టగల స్థోమతకు గుర్తు. ఆ ఫ్యాషన్‌కు మూలమైన రాణి మాత్రం తన పెళ్లినాటి లేసును జీవితమంతా మళ్లీ మళ్లీ ధరించింది. ఆమె పెళ్లి మేలిముసుగును చివరికి ఆమెతోనే సమాధి చేశారు.

అదే 1840లో నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు, 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు. మిషన్ల ప్రభావంతో పెరిగిన తెలుగు క్రైస్తవ సమాజంలో వధువు తెల్లదనాన్ని స్వీకరించింది. గౌనును మాత్రం అందరూ స్వీకరించలేదు. తెల్లచీర, తలమీద మేలిముసుగు, చేతిలో పూలగుత్తి కలిసిన రూపం స్థిరపడింది. ఇరుగుపొరుగు హిందూ అగ్రవర్ణాల్లో అంచులేని తెల్లబట్ట వైధవ్యానికి గుర్తుగా ఉన్న కాలంలో ఇది ధైర్యమైన ఎంపిక. మధుపర్కం, వితంతువస్త్రం, క్రైస్తవ వధువు చీర మూడూ తెలుపే. ఎర్రంచు, పసుపు, మేలిముసుగు అనే గుర్తులే వాటి అర్థాన్ని వేరుచేశాయి. రంగుకు స్వతస్సిద్ధమైన అర్థం లేదనడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

7. పెళ్లి తరువాత: ఇంట చీర ప్రయాణం

పాత ఇంటి వ్యవస్థలో పెళ్లిచీర జీవితం పెళ్లితో ముగియలేదు. నూలుచీర మొదట కట్టుబట్ట. ఉతికి ఉతికి మెత్తబడ్డాక ఉయ్యాల అయ్యేది, పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది. పురిటి దినాల్లో బిడ్డకు కొత్తబట్ట వేయకపోవడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. పొత్తిళ్లలోని బిడ్డకు మొదటి స్పర్శ తల్లి లేదా అమ్మమ్మ పాతచీరది. ఇంకా చిరిగాక అది పొరలు పొరలుగా బొంతలోకి వెళ్లేది.

పట్టుచీరది వేరొక దారి. నోములకు, పేరంటాలకు, శ్రీమంతానికి తిరిగి కట్టేవారు. మడి పాటించే ఇళ్లలో పాతపట్టు వంటింటి మడిబట్టగా కూడా ఉపయోగపడింది. మడతల దగ్గర విరిగిన తరువాత మంచి భాగాన్ని కత్తిరించి కూతురికి పట్టుపరికిణీ కుట్టించేవారు. అంచు విడదీసి మరొక బట్టకు అతికేవారు. కొన్ని కుటుంబాల్లో ముత్తైదువగా పోయిన స్త్రీకి ఆమె పెళ్లిచీరనే చివరగా కప్పారు.

ఈ ప్రయాణం అందరి విషయంలోనూ సాగలేదు. భర్త పోతే అగ్రవర్ణ స్త్రీకి రంగుచీర నిషిద్ధం. ఆమె పెట్టెలో ఉన్నా పెళ్లిచీర ఆమెది కాకుండా పోయేది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహాన్ని ఈ దృష్టితో కూడా చూడవచ్చు. వితంతువు తిరిగి పీటల మీద కూర్చోవడమంటే పసుపు, కుంకుమ, రంగుబట్టల మీద ఆమె కోల్పోయిన హక్కు తిరిగి ఆమెకు దక్కడం.

8. జరీ, బీరువా

పట్టుచీర విలువలో జరీది పెద్ద వాటా. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ చుట్టిన సన్నని వెండితీగ, దానిపైన బంగారు పూత. అందులో బంగారం ఒక శాతంకంటే తక్కువే. బరువంతా వెండిదీ పట్టుదీ. అందువల్ల చిరిగిన పట్టుచీరకు కూడా ధర ఉండేది. పాతచీరలు కొనేవారు వీధుల్లో తిరిగి డబ్బో స్టీలుసామానో ఇచ్చి తీసుకువెళ్లేవారు. చీరను కాల్చి వెండి రాబట్టేవారు. స్త్రీకి ఇది ఆపత్కాలంలో పనికివచ్చే చిన్న ఆస్తి. రాగితీగకు వెండి పూసిన టెస్టెడ్ జరీ, ఆపైన ప్లాస్టిక్ జరీ వచ్చాక చూపులో తేడా తగ్గింది, కరిగిస్తే వచ్చే విలువ పోయింది. ఫోటోకు రెండూ ఒక్కటే. పెట్టెకు ఒక్కటి కావు.

నేటి పెళ్లిచీర ఎక్కువ కాలం బీరువాలోనే ఉంటుంది. బరువు వల్ల, జరీ నిండుదనం వల్ల దాన్ని మళ్లీ కట్టే సందర్భాలు తక్కువ. కట్టని చీర క్షేమంగా ఉంటుందన్నది భ్రమ. గాలిలోని గంధకపు వాయువుల వల్ల వెండి నల్లబడుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే జరీతీగ ఆ గీత వెంటే విరుగుతుంది. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు నేరుగా తగిలితే జరీకి హాని. అప్పుడప్పుడు నీడలో ఆరవేసి, మడత మార్చి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టడమే పాత తరం స్త్రీలు పాటించిన భద్రత. చీరను లంగా, ఓణీలుగానో గౌనుగానో మళ్లీ కుట్టించడం, అద్దెకు తెచ్చి కట్టడం నేటి పరిష్కారాలు. మొదటిది పట్టుపరికిణీ సంప్రదాయానికి కొనసాగింపు. రెండవది చీర సొత్తు కావడమనే ధర్మాన్నే వదులుకుంటుంది.

9. చీర ఎవరి సొత్తు

పెళ్లినాటి కానుకల మీద స్త్రీ హక్కును ధర్మశాస్త్రం గుర్తించింది. అగ్నిసాక్షిగా ఇచ్చినది, అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి స్త్రీధనమని మనుస్మృతి పేర్కొంది. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో స్త్రీధన పదాన్ని యౌగికార్థంలో తీసుకొని దాని పరిధిని విస్తరించాడు. పదమూడవ శతాబ్దిలో కేతన ఆ గ్రంథాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెనిగించాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీకి తన ఆస్తి మీద సంపూర్ణాధికారం ఇచ్చింది. 1985లో సర్వోన్నత న్యాయస్థానం స్త్రీధనం భార్యదేనని, భర్త దాన్ని అప్పగింతగా ఉంచుకొన్నవాడు మాత్రమేనని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన వరకట్న నిషేధ నియమాలు వధూవరులకు వచ్చిన కానుకల జాబితా రాసి ఉంచాలని విధించాయి.

ఆచరణలో బంగారానికి లెక్క ఉంటుంది, చీరకు ఉండదు. కాపురం చెడి పుట్టింటికి వచ్చిన స్త్రీకి పెళ్లిచీరలు తిరిగి దక్కాయా అన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఆ చీరల్లో మేనమామది ఒకటి, తల్లిది ఒకటి, జరీ రూపంలో వెండి కొంత ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు. జాబితాలో చీర పేరు, నేత, సుమారు వెల రాయడం వధువు హక్కుకు రక్ష.

10. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, వైదిక విధి వధూవస్త్రాన్ని వధువు నుంచి వేరుచేయగా, తెలుగు ఆచారం పసుపు వంటి నిలవని గుర్తు ద్వారా ఆ బట్టను ఆమె వాడుకలోనే నిలిపింది. రెండవది, నప్పడం అనే ప్రమాణం వధువుకు ఎంపికలో మాట ఇచ్చింది. దానితో పాటే ఆమె ఛాయను, ఒంటిని తూచే చూపునూ తెచ్చింది. మూడవది, చీరను ఒక్కరోజు చూపుకే ఎంచినప్పుడు నేత గట్టిదనం, రంగు నిలకడ, జరీ స్వచ్ఛత అనే లక్షణాలకు పరీక్ష లేకుండా పోయింది. పదేళ్లు కట్టే స్త్రీయే చేనేతకు నిజమైన పరీక్షకురాలు. ఆమె తప్పుకొంటే మరమగ్గం నకలుకూ మగ్గం చీరకూ తేడా అడిగేవారు ఉండరు. పెళ్లిళ్ల మీద ఆధారపడిన నేతకారునికి దీని నష్టం నేరుగా తగులుతుంది.

ఈ చరిత్రకు ముఖ్యమైన ఆకరాలు గ్రంథాలయాల్లో కంటే ఇళ్లలో ఎక్కువగా ఉన్నాయి. చీర ఎవరు పెట్టారు, ఏ ఊరి నేత, ఎన్నిసార్లు కట్టారు, ఏ సందర్భంలో కత్తిరించారు అన్న వివరాలు అరవై, డెబ్బై ఏళ్లు దాటిన స్త్రీల జ్ఞాపకంలో ఉన్నాయి. ఒక్కొక్క కుటుంబంలో మూడు తరాల పెళ్లిచీరల వివరాలను మౌఖికచరిత్ర పద్ధతిలో నమోదు చేయగలిగితే వస్త్రచరిత్రకూ స్త్రీచరిత్రకూ ఉమ్మడి ఆకరం ఏర్పడుతుంది. మడతల్లో విరుగుతున్న చీరలకంటే ముందుగా చెదిరిపోయేది ఆ జ్ఞాపకమే కనుక ఈ పనికి ఆలస్యం తగదు.